ఊహలకు లెక్క రాద్దాం: థీమ్ పార్కుల అభిమాన బృందాలకు బహిరంగ లేఖ

థీమ్ పార్కుల విస్తరణ గురించి, సినిమాల ఆధారంగా రాబోయే రైడ్ల గురించి నిత్యం అంచనాలు కట్టే అభిమాన బృందాల సభ్యులందరికీ నమస్కారం.

ఇది బయటివాడు రాస్తున్న ఫిర్యాదు కాదు. పార్కు కంచె వెనక మట్టి తవ్వుతున్న ఫొటో ఒకటి కంటబడితే చేతిలో పని పక్కనపెట్టి, దాన్ని పెద్దది చేసి, అక్కడున్న ఇనుప కడ్డీలు లెక్కపెట్టేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ సరదా మానుకోమని చెప్పే ఉద్దేశం నాకు లేదు. చెప్పినా ముందు నేనే వినను. నేను అడగదలచినది వేరు. ఊహ చేసినప్పుడు దానికి ఆధారం ఏమిటో, అది నిజమైతే అక్కడ ఇప్పుడున్న ఏ కట్టడం పోతుందో, ఏ తేదీ దాటితే మన ఊహ తప్పని ఒప్పుకుంటామో, ఈ మూడూ ఆ ఊహ పక్కనే రాసిపెట్టుకునే అలవాటు మనకు కావాలి.

ఇప్పుడే ఎందుకంటారా? 2024 ఆగస్టులో డిస్నీ సంస్థ ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో తన సినిమాల్లోని విలన్లకంటూ ఒక ప్రాంతం కడతామని ప్రకటించింది. రెండు పెద్ద రైడ్లు, తినడానికీ కొనుక్కోవడానికీ కొన్ని చోట్లు ఉంటాయన్నారు. అంతకు మించి వివరమేమీ చెప్పలేదు. ఆ తర్వాత మనవాళ్ళు ఏ విలన్ కోట ఏ మూలన లేస్తుందో, ఏ రైడ్‌లో ఎన్ని మలుపులుంటాయో, క్యూలో వినిపించే సంగీతం ఏదో కూడా తేల్చేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు మనకన్నా మంచి ఉదాహరణ దొరకదు. పేరు పెట్టుకుంటే నష్టమేమీ లేదు. పెట్టిన పేరును వార్తగా చాటడం దగ్గరే చిక్కు.

నిజానికి మన ఈ వ్యసనం ఫ్లోరిడా పార్కుకన్నా పాతది. 1960ల మధ్యలో ఓర్లాండో దగ్గర ఊరూ పేరూ తెలియని కంపెనీలు చిత్తడి నేలలనూ, పశువుల మేత భూములనూ వరసపెట్టి కొన్నాయి. మొత్తం 27 వేల ఎకరాల పైమాటే. ఖర్చు 50 లక్షల డాలర్లకు కాస్త అటూ ఇటూ, అంటే సగటున ఎకరం 200 డాలర్ల లోపు. కొంటున్నది ఎవరన్నది ఆ ప్రాంతమంతటికీ పొడుపుకథ అయింది. కార్ల కంపెనీ అని కొందరు, విమానాల కంపెనీ అని కొందరు పందేలు కట్టినంత పనిచేశారు. ఓర్లాండో సెంటినెల్ పత్రికకు చెందిన ఎమిలీ బవార్ కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌కు వెళ్ళినప్పుడు, ఆ భూములు కొంటున్నది మీరేనా అని వాల్ట్ డిస్నీని ముఖాముఖి అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. కానీ ఆ చోటు తనకు ఎందుకు పనికిరాదో వివరించబోయి, అక్కడి వానల గురించీ, వచ్చిపోయే పర్యాటకుల గురించీ గడగడా చెప్పుకొచ్చారు. అక్కరలేని చోటు గురించి అంత తెలిసి ఉండటమేమిటన్నదే ఆవిడకు చిక్కిన ఆధారం. 1965 అక్టోబరు 24న ఆ పత్రిక రహస్య పరిశ్రమ డిస్నీదేనని ప్రచురించింది. మర్నాడే గవర్నర్ హేడన్ బర్న్స్ అవునన్నారు.

ఆ కథలో నాకు నచ్చేది, ఊహ నిజం కావడంకన్నా ఎక్కువగా, అది నడిచిన పద్ధతి. ఆవిడ వెళ్ళి అడిగారు. జవాబులో ఏముందో విన్నారు. పత్రిక కూడా అది తమ మాట అని శీర్షికలోనే చెప్పుకుంది, ఎవరో నమ్మకస్తుడు చెవిలో ఊదాడని రాయలేదు. మన దగ్గర ‘లోపలి మనిషి చెప్పాడు’ అన్న వాక్యం ఎన్నిసార్లు తిరుగుతుందో మీకు తెలుసు. ఆ లోపలి మనిషి పదిసార్లు తప్పు చెప్పి పదకొండోసారి ఒప్పు చెబితే పదకొండోది మాత్రమే మనకు గుర్తుంటుంది. పది తప్పుల లెక్క ఎవరూ రాసిపెట్టుకోరు.

కాగితాల దగ్గరికి వస్తాను. ఫ్లోరిడాలోని ఈ పార్కులలో పెద్ద నిర్మాణమేదైనా మొదలవ్వాలంటే, అక్కడ పడిన వాననీరు ఎటు పోతుందో చూపించి సౌత్ ఫ్లోరిడా నీటి నిర్వహణ విభాగం నుంచి అనుమతి తెచ్చుకోవాలి. పని మొదలయ్యే ముందు ‘నోటీస్ ఆఫ్ కమెన్స్‌మెంట్’ అనే పత్రం కౌంటీలో నమోదవుతుంది. అందులో కాంట్రాక్టర్ పేరు, స్థలం చిరునామా, పని స్వభావం ఒక ముక్కలో ఉంటాయి. వేరే గడువు రాయకపోతే అది ఏడాది దాకా చెల్లుతుంది. ఇవి ఎవరైనా చూడదగిన పత్రాలు, మన ఊహలకు దొరికే గట్టి నేల కూడా ఇవే. కానీ వాటిలో గొట్టాల వ్యాసాలు, చెరువు గట్ల వాలు, పూడ్చే మట్టి కొలతలు ఉంటాయి తప్ప సినిమా పేరు ఉండదు. గొట్టాల నుంచి సినిమా పేరు దాకా ఉన్న దూరమంతా మనం కల్పించుకున్నదే.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పుకుంటాను. ఒకసారి ఒక పార్కు వెనకభాగానికి సంబంధించిన మురుగునీటి పటం నా చేతికి చిక్కింది. బూడిద రంగు కాగితం మీద సన్నటి గీతలు, చెరువు గట్టు వెంబడి చుక్కల గీత, దాన్ని ఆనుకుని పేరు లేని పొడవాటి దీర్ఘచతురస్రం. మూలన ఇచ్చిన కొలబద్ద చూసి, కంప్యూటర్ తెరకు ప్లాస్టిక్ స్కేలు ఆనించి మరీ కొలిచాను. ఆ గోడ పొడవునా సమాన దూరంలో ఐదు చిన్న గళ్ళున్నాయి. పట్టాలు లేకుండా తిరిగే బండ్ల రైడ్‌లో జనాన్ని ఎక్కించుకునే చోట్లు ఇలాగే ఉంటాయని తీర్మానించి, అది ఫలానా సినిమాకే అని నాలుగు పేజీలు రాశాను. చదివినవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. కట్టడం పూర్తయ్యాక చూస్తే అది గోదాం. ఐదు గళ్ళు సరుకు దించుకునే తలుపులు. వాటి ఎదురుగా లారీ వెనక్కి తిప్పుకోవడానికి గీసిన పెద్ద మలుపు ఆ పటంలో మొదటినుంచీ ఉంది. నాకు కావలసింది అది కాదు కనుక నా కంటికి ఆనలేదు.

ఎత్తుల సంగతి కూడా ఇలాంటిదే. అమెరికాలో 200 అడుగులు దాటిన కట్టడానికి సాధారణంగా విమానాలను హెచ్చరించే దీపం పెట్టాలి. పాడుబడిన హోటల్ శిఖరం మీద ఎర్రదీపం మిణుకుమిణుకుమంటే భ్రమ కాస్తా చెదిరిపోతుంది. అందుకే పాడుబడిన హోటల్ రూపంలో కట్టిన, ఫ్లోరిడాలోని టవర్ ఆఫ్ టెర్రర్ రైడ్ 199 అడుగుల దగ్గర ఆగింది. ఎక్స్‌పెడిషన్ ఎవరెస్టు రైడ్ కోసం కట్టిన కొండ కూడా 200కు అంగుళాల దూరంలో నిలిచిపోయింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే, డిస్నీ పార్కులో 300 అడుగుల కోట వస్తోందని గీసిన బొమ్మను చూసి ముందు నవ్వుకుని, తర్వాత చర్చించవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ ఊహలు విరిగిపోయేది ఒప్పందాల దగ్గర. 1994లో స్పైడర్‌మ్యాన్ లాంటి పాత్రలున్న మార్వెల్ సంస్థ, ఓర్లాండోలో డిస్నీకి పోటీగా పార్కు నడిపే యూనివర్సల్ స్టూడియోలకు అప్పట్లో మాతృసంస్థ అయిన ఎంసీఏతో ఒక ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం, యూనివర్సల్ వాడుకుంటున్న మార్వెల్ పాత్రలనూ, ఆ పాత్రల కుటుంబానికి చెందిన మిగతా పాత్రలనూ మిసిసిపీ నదికి తూర్పున మరో థీమ్ పార్కు వాడుకోవడానికి వీల్లేదు. 1999లో యూనివర్సల్ వాళ్ళ ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కులో మార్వెల్ ద్వీపం తెరుచుకుంది. తర్వాత 2009లో మార్వెల్‌ను డిస్నీయే కొనేసింది, అయినా ఆ ఒప్పందం చెరిగిపోలేదు. సొంత సొత్తునే సొంత పెరట్లో పెట్టుకోలేని పరిస్థితి. నదికి పడమట ఉన్న కాలిఫోర్నియాలో 2021లో మార్వెల్ వీరుల ప్రాంతమైన అవెంజర్స్ క్యాంపస్ తెరవగలిగినవాళ్ళు, ఫ్లోరిడాలోని తమ మరో పార్కు ఎప్కాట్‌లో 2022లో గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ అనే మార్వెల్ బృందం రైడ్‌తో సరిపెట్టుకున్నారు. ఎందుకంటే యూనివర్సల్ చేతిలో ఉన్న కుటుంబాలలో ఆ బృందం లేదు. ఈ ఒప్పందం అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ పత్రాలలో ఎవరైనా చదువుకునేలా ఉంది. అయినా ఓర్లాండో డిస్నీలో స్పైడర్‌మ్యాన్ రైడ్ వస్తోందన్న కబురు ఏటా కొత్తగా పుడుతుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ మన లోకంలో పొగ పెట్టడానికి నిప్పుతో పనిలేదు.

ఇక నా మనసులో ఎక్కువగా మెదిలే సంగతి. సినిమా రైడ్ ఖాళీ ఆకాశంలోంచి దిగదు. చాలాసార్లు మరొకదాన్ని పడగొట్టి దాని మీద లేస్తుంది. యూనివర్సల్ ఫ్లోరిడాలో జాస్ పడవ రైడ్‌ను 2012 జనవరిలో మూసి, ఆ చోట 2014 జులైలో హ్యారీ పోటర్ కథల్లోని డయాగన్ ఆలీ తెరిచారు. అదే పార్కులో బ్యాక్ టు ది ఫ్యూచర్ రైడ్ 2007లో పోయి, మరుసటి ఏడు సింప్సన్స్ రైడ్ వచ్చింది. ఎప్కాట్ నార్వే మంటపంలోని మేల్‌స్ట్రామ్ పడవలు 2014లో ఆగి, 2016లో ఫ్రోజెన్ పడవలయ్యాయి. డిస్నీ వాళ్ళ హాలీవుడ్ స్టూడియోస్ పార్కులో 1991 నుంచీ నడిచిన మప్పెట్ తోలుబొమ్మల త్రీడీ ప్రదర్శన, ఆ బొమ్మల సృష్టికర్త జిమ్ హెన్సన్ చివరి పనులలో ఒకటి, 2025 జూన్‌లో ముగిసింది. ఆ చోటు మాన్‌స్టర్స్ ఇంక్ ప్రాంతానికి వెళ్ళింది. సినిమా చరిత్రనే చూపించే గ్రేట్ మూవీ రైడ్‌ను కూడా 2017లో తీసేశారు. సినిమా పార్కులో సినిమా చరిత్రకే దిక్కులేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వీటన్నిటిలో మ్యాజిక్ కింగ్‌డమ్ నది దగ్గర కాస్త ఆగాలి. పార్కు తెరిచిన 1971 నుంచీ ఉన్న రివర్స్ ఆఫ్ అమెరికా, దాని మీద మెల్లగా తిరిగే చక్రాల పడవ, మధ్యలో టామ్ సాయర్ దీవి, ఇవన్నీ 2025 జులైలో మూతపడ్డాయి. అక్కడ కార్స్ సినిమాల ఆధారంగా కొత్త ప్రాంతం రానుంది. మనం వేసుకున్న ఊహాపటాల్లో ఆ నది ఎప్పుడూ నీలిరంగు ఖాళీ స్థలమే. దాని మీద ఎన్ని వేల చదరపు అడుగుల భవనం పడుతుందో లెక్కగట్టాం గానీ, ఆ గట్టున కూర్చున్నవాళ్ళను లెక్కలోకి తీసుకోలేదు. పడవ పైఅంతస్తు రెయిలింగును ఆనుకుని నిలబడితే నీటి మీది గాలి మొహానికి తగులుతుంది. కింద ఎవరో అమ్మమ్మ చెప్పులు విడిచి, పాదాలు చాపుకుని, మనవలు దీవి మీది గుహలోంచి ఎప్పుడు బయటపడతారా అని చూస్తూంటుంది. గంటకు ఎంతమందిని ఎక్కించుకుంటుందన్న కొలతతో చూస్తే అలాంటి చోటుకు విలువ లేనట్టే. రేపటి సినిమా ప్రాంతం బాగుండదని నేననడం లేదు. బాగుండవచ్చు. కానీ రైడ్ వస్తుందని పండగ చేసుకున్న మనం నది పోతుందన్న మాట ముందే ఎందుకు అనుకోలేదన్నది నా బాధ. మూసివేత ప్రకటన వచ్చాక కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళలో, అంతకు రెండేళ్ళ ముందు ఆ నది మీదే రంగుపెన్సిళ్ళతో కొత్త ప్రాంతం గీసినవాళ్ళు ఉన్నారు.

తప్పంతా మనదే అని కూడా నేననను. 2022 సెప్టెంబరులో జరిగిన అభిమానుల మహాసభలో డిస్నీ పెద్దలే వేదికెక్కి, మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని బిగ్ థండర్ రైడ్ కొండ వెనక ఏముండవచ్చో ‘ఆలోచిస్తున్నాం’ అంటూ కోకో, ఎన్‌కాంటో సినిమాల బొమ్మలూ, విలన్ల బొమ్మలూ చూపించారు. అంటే సంస్థే ఊహాగానం చేసింది. వాటిలో విలన్లు రెండేళ్ళకు మ్యాజిక్ కింగ్‌డమ్‌లోనే ఖాయమయ్యారు. ఎన్‌కాంటో చోటు మార్చుకుని, ఫ్లోరిడాలోనే ఉన్న డిస్నీ మరో పార్కు యానిమల్ కింగ్‌డమ్‌కు వెళ్ళింది. 2019లో ఎప్కాట్‌కు ప్రకటించిన మేరీ పాపిన్స్ రైడ్ ఆ మరుసటి ఏడు మహమ్మారిలో ఆగిపోయి, మళ్ళీ లేవనేలేదు. ప్రకటన చేసినంత గట్టిగా విరమణ చెప్పే మర్యాద ఈ సంస్థలకు లేదు, దాన్ని మనం ఎత్తిచూపాలి. అయితే ముందు మన ఖాతా సరిగా ఉంటేనే ఎదుటివాడి ఖాతా అడిగే నోరు మనకుంటుంది.

మన ఖాతా ఎలా ఉందో చూడండి. యానిమల్ కింగ్‌డమ్‌లో అవతార్ సినిమా ప్రాంతం వస్తోందని 2011 సెప్టెంబరులో చెప్పినప్పుడు, ఆ సినిమాలో పాత్రల పేర్లు ఎవరికి గుర్తున్నాయని ఎగతాళి చేశాం. 2017 మే 27న అది తెరుచుకున్నాక అక్కడి ఎగిరే రైడ్ కోసం జనం గంటల తరబడి వరసలో నిలబడ్డారు. పాత్రలు గుర్తుండనవసరం లేదని, వెళ్ళాలనిపించే చోటు ఉంటే చాలని అది చూపించింది. మనం సినిమా ఎంత వసూలు చేసిందన్నదే చూస్తాం; కట్టేవాళ్ళు అందులో నడిచి తిరగదగ్గ చోటు ఉందా అని చూస్తారు. కాలిఫోర్నియాలో టవర్ ఆఫ్ టెర్రర్‌ను గార్డియన్స్ రైడ్‌గా మారుస్తారన్న పుకారు 2016 మొదట్లో వచ్చినప్పుడు అసంభవమన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ జులైలో సంస్థ ప్రకటించింది. అది కూడా 2017 మే 27నే తెరుచుకుంది. ఒకే రోజు రెండు తీరాల్లో మన అంచనాలు తలకిందులయ్యాయి. ఆ తప్పులు రాసిపెట్టుకున్నవాళ్ళు మనలో వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది కూడా లేరు.

దీనికి పూర్తి విరుద్ధమైన కథ యానిమల్ కింగ్‌డమ్‌ది. 1998లో ఆ పార్కు తెరిచినప్పుడే పురాణ జంతువులకు ఒక ప్రాంతం అనుకున్నారు. డ్రాగన్ బొమ్మ పార్కు చిహ్నంలోకి ఎక్కింది, పార్కింగ్‌లో ఒక వరసకు యూనికార్న్ పేరు పెట్టారు. ఆ ప్రాంతం మాత్రం రాలేదు. అభిమానులు ఏళ్ళ తరబడి దాని కోసం ఎదురుచూశారు. చివరికి దానికోసం అనుకున్న స్థలంలోనే అవతార్ లోకం కట్టారు. చిహ్నంలోని డ్రాగన్ మాత్రం ఇంకా ఉంది. ఇక్కడ ఆధారం కాగితం మీదే కాదు, గుర్తింపు బొమ్మలోనే ఉంది. అయినా కట్టడం రాలేదు. అందుకే తేదీ ఉండాలంటున్నాను. గడువు లేని ఊహను ఎవరూ తప్పని నిరూపించలేరు.

తేదీ వేయడానికి పాత లెక్కలు పనికొస్తాయి. హ్యారీ పోటర్ ప్రాంతం 2007 మేలో ప్రకటించి 2010 జూన్‌లో తెరిచారు: మూడేళ్ళు. అవతార్‌కు దాదాపు ఆరేళ్ళు పట్టింది. యూనివర్సల్ ఎపిక్ యూనివర్స్ 2019 ఆగస్టులో ప్రకటించి, 2020లో మహమ్మారి వల్ల పనులాపి, 2021లో మళ్ళీ మొదలుపెట్టి, 2025 మే 22న తెరిచారు. ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ దగ్గర పాత ఇటుకల బట్టీల నేల మీద యూనివర్సల్ కట్టబోయే పార్కును 2025 ఏప్రిల్‌లో ప్రకటించినప్పుడు తెరిచే ఏడాది 2031 అన్నారు. ఈ లెక్కలన్నీ ముందుంచుకుని కూడా ఇంకా పునాది పడని రైడ్ వచ్చే వేసవికి సిద్ధమని ఎవరైనా అంటే, ఆ మాట నమ్మి ప్రయాణం వాయిదా వేసుకునే కుటుంబం ఒకటి ఉంటుందని గుర్తుంచుకోవాలి. పిల్లాడికి ఆ వయసు మళ్ళీ రాదు.

నేను కోరేది పెద్ద నియమావళి కాదు. ఊహను బయటపెట్టినప్పుడు దాని కింద మూడు వరసలు రాయండి. మొదటిది ఆధారం: అనుమతి పత్రమా, ఒప్పందమా, పేటెంటా, లేక కోరికా. కోరిక అయితే కోరిక అనే రాయండి, అందులో నామోషీ లేదు. రెండోది దాని వల్ల పోయేది. మూడోది గడువు. గడువు దాటాక ఆ పాత కాగితాన్ని చెరిపేయకుండా, ‘తప్పు’ అని పక్కన రాసి అలాగే ఉంచండి. బృందాలు నడిపేవాళ్ళు ఏడాదికోసారి ఆ తప్పులన్నీ ఒకచోట చేర్చి చూపిస్తే, ఎవరి మాట ఎంతవరకు వినాలో కొత్తగా వచ్చినవాళ్ళకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. లోపలి మనిషి పేరు చెప్పి బతికేవాళ్ళకు ఇది రుచించదు. రుచించకపోతే పోనివ్వండి.

నా మాట మీద నేనే ముందు నడవాలి కనుక నా ఊహ ఒకటి ఇక్కడే నమోదు చేస్తున్నాను.

ఊహ: విలన్ల ప్రాంతంలోని రెండు పెద్ద రైడ్లలో ఒకటి పట్టాలు లేని బండ్లతో నడుస్తుంది.
ఆధారం: ఏమీ లేదు, కోరిక.
పోయేది: బిగ్ థండర్ కొండ వెనక ఉన్న చెట్ల గుబురు, దానితో పాటు ఆ కొండ మీది బండిలోంచి చూస్తే అవతల ఇంకేమీ లేదనిపించే ఆ భ్రమ.
గడువు: ఆ ప్రాంతం తెరిచే రోజు సాయంత్రం.

ఇట్లు,
స్కేలు తెరకు ఆనించి గోదామును కొలిచిన మీ తోటి అభిమాని